వంటింటి చెత్తను బాల్కనీలోనే ఎరువుగా చేయడం ఎలా?

"వాసన రాదా?" "పురుగులు పట్టవా?" మా బాల్కనీ మొక్కలు చూసి ఎరువు ఎక్కడ కొంటారని అడిగినవాళ్ళకు, ఇంట్లోనే చేస్తానని చెప్పగానే వచ్చే ప్రశ్నలు ఈ రెండే. మూడోది కొంచెం ఆగి వస్తుంది: "మేమూ చేశామండీ. నెల తిరక్కుండానే పారబోశాం. ఎందుకు చెడిందో తెలీలేదు." ఈ మూడింటికీ నా జవాబు ఒకటే: ఎండుటాకులు చాలలేదు.

చాలామంది బకెట్ కొనడంతో మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది ఎండుటాకుల బస్తాతో. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతాదంతా చేతి అలవాటే.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కూరగాయ తొక్కల్లో నీరు, నత్రజని ఎక్కువ. ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. చెత్తను చివికించే సూక్ష్మజీవులకు నత్రజని ఒక వంతుంటే కర్బనం 25 నుంచి 30 వంతులు ఉండాలి, వాటికి గాలి కూడా ఆడాలి. తొక్కలు ఒక్కటే పోస్తే అవి అణిగిపోయి, గాలి చొరబడక కుళ్ళుతాయి. మన చెత్త హైదరాబాద్ శివార్లలోని జవహర్‌నగర్ గుట్టకు చేరినా, విశాఖలో కాపులుప్పాడకు చేరినా జరిగేది అదే. లోపల గాలి అందక మీథేన్ పుడుతుంది, వేసవిలో ఆ గుట్టలే అంటుకుంటాయి. బకెట్‌లో మనం చేసేదల్లా ఆ చెత్తకు గాలి అందేలా చూడటం.

కావలసినవి

- 20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్లు 3, మూతలతో సహా. ఇద్దరే ఉండే ఇంటికి 2 చాలు. మట్టి బానలు దొరికితే ఇంకా మంచిది, వాటి గోడల్లోంచే గాలి ఆడుతుంది. కాకపోతే బరువు, ఒకసారి పెడితే జరపలేరు.
- ఎండుటాకులు. యూరియా బస్తాలో తొక్కి నింపితే మా నలుగురికి ఒక బస్తా సుమారు రెండు నెలలు వస్తుంది.
- ఆకులు దొరక్కపోతే కోకోపీట్, అంటే కొబ్బరి పీచు తీయగా మిగిలే పొట్టు. ఇటుకలా అచ్చు కట్టి అమ్ముతారు, 5 కిలోలది ఒకటి కొనండి. తడిపితే పెద్ద టబ్బు నిండుతుంది.
- కొబ్బరి పీచు, కొన్ని సన్నటి పుల్లలు.
- గుప్పెడు పాత ఎరువు, లేదా ఒక పేడ ముద్ద, అదీ లేకపోతే గ్లాసు పుల్ల మజ్జిగ.
- కలపడానికి గట్టి కర్ర లేదా బొరిగె.
- బకెట్ కింద పెట్టడానికి పళ్ళెం, దాంట్లో రెండు ఇటుక ముక్కలు.
- వంటగదిలో తొక్కలు వేసుకోవడానికి చిల్లుల గిన్నె. దీన్ని చిన్నచూపు చూడకండి.

"కంపోస్ట్ మేకర్" పేరుతో అమ్మే పొడులు, ద్రావణాలు కొనాల్సిన పనిలేదు. అవి వాడితే తప్పేం లేదు, కానీ మజ్జిగ చేసే పనికి వందలు పోయక్కర్లేదు. ఊళ్ళో ఎవరైనా జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి కలిపి పులియబెట్టే ద్రావణం) చేస్తుంటే ఒక సీసా తెచ్చుకోండి, అంతకు మించింది లేదు.

1. ముందు ఆకులు పోగుచేయండి

మాఘం, ఫాల్గుణం ఆకు రాలే కాలం. రోడ్ల పక్క బాదం, కానుగ, రావి, వేప ఆకులు గుట్టలుగా పడి ఉంటాయి. మీకు ఆకులు అత్యవసరమయ్యేది మాత్రం శ్రావణ, భాద్రపదాల్లో, వానలు పడుతున్నప్పుడు. అప్పుడు ఎక్కడ చూసినా తడి ఆకే. అందుకే ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే మూడు నాలుగు బస్తాలు నింపి మెట్ల కిందో, అటకమీదో పెట్టుకోండి.

ఊడ్చేవాళ్ళను అడిగితే సంతోషంగా ఇస్తారు, వాళ్ళకు మోత తగ్గుతుంది. లేకపోతే ఆ ఆకులు మూలకు నెట్టి తగలబెట్టేవే. బహిరంగంగా చెత్త కాల్చకూడదని, కాలిస్తే 5,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. అయినా మా వీధిలో శీతకాలం పొద్దున్నే పొగ లేస్తూనే ఉంటుంది.

తెచ్చిన ఆకుల్లోంచి గుట్కా పొట్లాలు, చాక్లెట్ కాగితాలు ఏరేయండి. ఒక రోజు ఎండలో పరిచి, బస్తాలో పోసి కాలితో తొక్కండి. నలిగిన ఆకు త్వరగా చివుకుతుంది, చోటూ తక్కువ పడుతుంది. బాదం ఆకు, టేకు ఆకు నలపకుండా వేస్తే పొరలు పొరలుగా అతుక్కుని గాలిని ఆపేస్తాయి. నీలగిరి ఆకులు వద్దు, చివకడం బాగా ఆలస్యమవుతుంది.

ఆకులకు బదులు:
- కోకోపీట్: ఒకసారి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, పిండి వాడండి. చవక రకాల్లో ఉప్పు ఉంటుంది.
- రంపపు పొట్టు: అడితిలో అసలు కర్ర కోసిన పొట్టు మాత్రమే. ప్లైవుడ్ పొట్టులో జిగురు రసాయనాలు ఉంటాయి, ముట్టుకోవద్దు.
- వార్తాపత్రికలు, అట్టపెట్టెలు: చింపి కొంచెం కొంచెంగా. మెరిసే కాగితం వద్దు.
- వరి ఊక: గుల్లదనానికి పనికొస్తుంది, కానీ తొందరగా చివకదు. దాన్నే నమ్ముకోవద్దు.

2. బకెట్‌కు చిల్లులు పెట్టండి

చుట్టూ రెండేసి అంగుళాలకొకటి, అడుగున పది పన్నెండు. డ్రిల్ ఉంటే మంచిది. మేకు కాల్చి పెట్టేటట్టయితే ఆరుబయట చేయండి, ప్లాస్టిక్ పొగ పీల్చవద్దు. చిల్లు పెన్సిల్ లావు దాటకూడదు. దాటితే ఎలుక పళ్ళకు అక్కడ పట్టు దొరుకుతుంది. ఎలుకల బెడద ఉన్న ఇంట్లో బయటనుంచి సన్న ఇనుప జల్లెడ గుడ్డ చుట్టండి.

ఇటుక ముక్కలమీద బకెట్, కింద పళ్ళెం. ఈ పళ్ళెం పెట్టకుండానే నేను మొదటిసారి మొదలుపెట్టాను. ఆగస్టు నెల, రెండు రోజులు ముసురు, ఆకులూ లేవు. మూడో నాటికి గోధుమరంగు నీళ్ళు కారి కింది అంతస్తువాళ్ళు ఆరేసిన తెల్ల పంచెమీద పడ్డాయి. ఆ సంగతి వాళ్ళు ఇప్పటికీ మర్చిపోలేదు.

3. అడుగు పరవండి

కొబ్బరి పీచు, పుల్లలు కలిపి మూడు నాలుగు అంగుళాలు. దానిమీద నాలుగు అంగుళాలు నలిపిన ఆకులు. ఆపైన పాత ఎరువు చల్లండి, లేదా మజ్జిగ చిలకరించండి. ఈ అడుగు పరుపు లేకపోతే కింది చిల్లులు నెలలోపే మూసుకుపోతాయి.

4. రోజూ చేయాల్సింది

పొద్దున్నుంచి తొక్కలన్నీ చిల్లుల గిన్నెలో వేసి సింకు పక్కన పెట్టండి. రాత్రికి నీరు దిగిపోతుంది. పెద్ద ముక్కలుంటే రెండంగుళాలకు తరగండి. పుచ్చకాయ చెక్కు, మునక్కాయ పిప్పి, అరటి దవ్వ ముదురు పొరలు తరక్కుండా వేస్తే మూడు నెలల తర్వాత కూడా గుర్తుపట్టొచ్చు.

బకెట్‌లో పోసి, వెంటనే కప్పండి. కొలత ఇదీ: తడి చెత్త ఒక మగ్గు అయితే నలిపిన ఆకులు రెండు మగ్గులు. కోకోపీట్ అయితే ఒక మగ్గు, రంపపు పొట్టు అయితే అర మగ్గు. చివరికి పైనుంచి చూస్తే తొక్క ఒక్కటీ కనిపించకూడదు. తొక్క కనిపిస్తే ఈగకూ కనిపిస్తుంది.

మూడు నాలుగు రోజులకొకసారి కర్రతో కిందినుంచి పైకి కలపండి. రోజూ కలపక్కర్లేదు. అసలు కలపకపోయినా ఎరువవుతుంది, ఆలస్యంగా.

వేయదగినవి చెబుతాను: కూరగాయ, పండ్ల తొక్కలు, ఆకుకూర కాడలు, కాఫీ టీ పిప్పి, కడిగి నలిపిన గుడ్డు పెంకులు, ఉల్లి వెల్లుల్లి పొట్టు, చింతపండు పిప్పి (గింజలు తీసి, చింతగింజ చివకదు, మొలుస్తుంది), పూజ పూలు. పూల దండల దారం తప్పకుండా తీయండి. ఒకసారి కలిపే కర్రకు బారెడు దారం చుట్టుకుంటే మళ్ళీ ఎవరూ చెప్పక్కర్లేదు. వినాయక చవితి పత్రి, బతుకమ్మకు వాడగా మిగిలిన తంగేడు, గునుగు బంగారమే. రంగు అద్దిన పూలు మాత్రం పక్కన పెట్టండి.

వేయకూడనివి: మాంసం, చేపల వ్యర్థాలు, ఎముకలు, నూనె తేలే కూరలు, ఊరగాయ, పాలు. ఉప్పూ నూనే సూక్ష్మజీవుల పని ఆపుతాయి, మాంసం ఎలుకల్ని పిలుస్తుంది. మిగిలిన అన్నం గుప్పెడైతే ఫరవాలేదు, ఆకులు రెట్టింపు వేయండి. గిన్నెడు అన్నం ఒకేసారి పోస్తే రెండో రోజుకు కల్లు వాసన. నిమ్మ చెక్కలు రోజూ వచ్చే ఒకటి రెండు వేయండి, నిమ్మకాయ పచ్చడి పట్టిన రోజు వచ్చే బుట్టెడు వద్దు. కొబ్బరి చిప్పలు, మామిడి టెంకలు ఈ బకెట్‌లో కరగవు. ఆవకాయ రోజుల్లో వచ్చే టెంకలు, జీళ్ళు మా ఇంట్లో తడి చెత్త బుట్టలోకే వెళ్తాయి. అన్నీ ఇంట్లోనే చేయాలన్న పంతం పెట్టుకోకండి.

రెండు మోసాలు గమనించండి. ఇప్పటి విస్తరాకులు, కాగితం ప్లేట్లలో చాలావాటికి సన్నని ప్లాస్టిక్ పొర అతికించి ఉంటుంది. చింపి చూడండి, అంచున పొర సాగితే వేయవద్దు. అలాగే "కంపోస్టబుల్" అని రాసి ఉన్న కవర్లు పెద్ద కర్మాగారాల వేడికి కరిగేవి. మన బకెట్‌లో అంత వేడి పుట్టదు, అవి అలాగే ఉంటాయి. పండ్లమీది స్టిక్కర్లూ తీసేయండి.

5. తడి చూసుకోండి

వారానికోసారి మధ్యలోంచి గుప్పెడు తీసి పిడికిలి బిగించండి. వేళ్ళ సందున ఒకటి రెండు చుక్కలు మెరిస్తే సరిగ్గా ఉంది. ధార కడితే ఎక్కువ తడి: ఆకులు వేసి కలపండి, ఒక పూట మూత తీసి ఉంచండి. చెయ్యి తెరవగానే పొడిలా రాలిపోతే తక్కువ: మజ్జిగ నీళ్ళు చిలకరించండి. మే నెలలో పడమటి ఎండ తగిలే బాల్కనీ అయితే నీడకు జరపండి, రెండు రోజులకే ఎండిపోతుంది. చీమలు బారులు తీరాయంటే ఎండిందని అర్థం, మందు చల్లవద్దు, తడపండి.

6. చెడినట్టు అనిపిస్తే

వాసనను బట్టే రోగం తెలుస్తుంది.

కుళ్ళిన గుడ్ల వాసన వస్తే గాలి లేదు. మొత్తం ఒక గోనె పట్టామీద కుమ్మరించి, దోసెళ్ళకొద్దీ ఆకులు కలిపి మళ్ళీ నింపండి. ఆ పూట వాసన భరించాలి, మరుసటి రోజుకు పోతుంది. ముక్కు మండే ఘాటు వస్తే పచ్చి చెత్త ఎక్కువైంది, ఆకులో పొట్టో వేయండి. ఈ ఘాటును పోగొట్టాలని బూడిద చల్లుతారు కొందరు, ఘాటు ఇంకా పెరుగుతుంది. పుల్లటి వాసన అన్నంవల్లో, పండ్లవల్లో వస్తుంది. రెండు రోజులు కొత్త చెత్త ఆపి, రోజూ కలపండి.

తెల్ల బూజు, చిన్న పుట్టగొడుగులు కనిపిస్తే సంతోషించండి. పని జరుగుతోంది.

ఇక పురుగుల సంగతి. ఇక్కడే ఎక్కువమంది మానేస్తారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. చదునుగా, గీతలు గీతలుగా, బూడిద లేక గోధుమరంగులో అరంగుళం దాటిన పురుగులు గుంపుగా కదులుతుంటే అవి నల్ల సైనిక ఈగ పిల్లలు. చూడ్డానికి ఒళ్ళు జలదరిస్తుంది, నిజమే. కానీ అవి కుట్టవు, తొక్కల్ని మనకంటే వేగంగా తినేసి ఎరువు చేస్తాయి. పెద్దదైన ఆ ఈగ ఇంట్లో అన్నంమీద వాలే రకం కాదు. దానికి తిండి ధ్యాసే లేదు, గుడ్లు పెట్టి పోతుంది. చెత్త తడిగా ఉన్నప్పుడే ఇవి ఎక్కువవుతాయి కాబట్టి వద్దనుకుంటే ఆకులు పెంచి, రెండు రోజులు కొత్త చెత్త ఆపండి. పళ్ళెంలోకి రాలినవాటిని పిట్టలకు పెట్టండి, గోరింకలు అరగంటలో ఖాళీ చేస్తాయి.

సన్నగా, తెల్లగా, బియ్యపుగింజలా ఉన్నవి మామూలు ఈగ పిల్లలు. ఇవి వచ్చాయంటే తొక్కలు పైకి తేలి ఉన్నాయి. రెండంగుళాల మందాన ఆకులు కప్పేయండి. మూతకూ బకెట్‌కూ మధ్య పాత నూలు గుడ్డ బిగిస్తే చిన్న పండ్ల ఈగలు కూడా ఆగుతాయి. పురుగుమందులు, ఫినాయిల్, బొరిక్ పొడి ఏదీ వేయవద్దు. వేశారో, ఆ బకెట్ ఎరువు కాదు.

వానపాములు కొనితెచ్చి వేయమంటారా అని అడుగుతుంటారు. ఈ పద్ధతికి అక్కర్లేదు. పచ్చి చెత్త వేడికి అవి చస్తాయి కూడా. వానపాములతో చేసే వర్మీకంపోస్ట్ వేరే పద్ధతి.

కింద పళ్ళెంలో చేరే నీళ్ళను "లిక్విడ్ ఎరువు" అని మొక్కలకు నేరుగా పోయకండి. పది రెట్లు నీళ్ళు కలిపి పూల మొక్కల మొదట్లో పోయండి. ఆకుకూరలకు వద్దు. నిజానికి ఆకులు సరిగ్గా వేస్తే ఈ నీళ్ళు చుక్క కూడా రాకూడదు.

7. నిండాక ఆపండి

మా ఇంట్లో ఒక బకెట్ నిండటానికి 20 నుంచి 25 రోజులు పడుతుంది. రోజూ పోస్తున్నా అది అణిగిపోతూ ఉంటుంది. నిండాక పైన ఆకులు కప్పి, మూత పెట్టి, తేదీ రాయండి. రెండో బకెట్ మొదలుపెట్టండి. ఇక్కడ జరిగే పొరపాటు: "కొంచెం అణిగింది కదా" అని మళ్ళీ పాత బకెట్‌లో పిడికెడు తొక్కలు వేయడం. అలా చేస్తే అది ఎప్పటికీ పూర్తికాదు.

మూసిన బకెట్‌ను వారానికోసారి కలిపి, తడి చూడండి. వేసవిలో 45 నుంచి 60 రోజులు, వానలు, చలి రోజుల్లో మూడు నెలల దాకా పట్టొచ్చు. మూడోది నిండేసరికి మొదటిది పూర్తికాకపోతే దాన్ని గోనె సంచిలోకి మార్చి, నీడన ఓ మూల పెట్టండి. అక్కడే మాగుతుంది.

8. అయిందో లేదో పరీక్షించండి

తొందరపడి పచ్చి ఎరువు వేస్తే మొక్క ఆకులు పసుపెక్కుతాయి, వేళ్ళు మాడతాయి. నల్లగా కనిపించినంత మాత్రాన అయిపోయినట్టు కాదు. మూడు పరీక్షలున్నాయి.

ముక్కు పరీక్ష: తొలకరి పడ్డ మట్టి వాసన రావాలి. వంటింటి వాసన ఏమాత్రం తగిలినా ఇంకా కాలేదు.

కవర్ పరీక్ష: గుప్పెడు తడి ఎరువును గాలి చొరబడని కవర్లో బిగించి మూడు రోజులు ఉంచండి. తెరిచినప్పుడు పులుపు, ఘాటు వచ్చినా, కవర్ ఉబ్బినా మరో రెండు వారాలు ఆగండి.

మెంతుల పరీక్ష నాకు ఎక్కువ నమ్మకం. ఒక కప్పులో సగం ఎరువు, సగం మట్టి. ఇంకో కప్పులో ఉత్త మట్టి. రెండింట్లోనూ పదేసి మెంతులు చల్లండి. ఐదు రోజుల తర్వాత రెండు కప్పుల్లోనూ మొలకలు ఇంచుమించు సమానంగా ఉంటే ఎరువు సిద్ధం. ఎరువు కప్పులో సగమే మొలిచినా, మొలిచినవి గిడసబారినా ఇంకా మాగాలి.

9. జల్లించి వాడండి

నీడలో రెండు రోజులు పరిచి, పొడిపొడిగా అయ్యాక ఇసుక జల్లెడలో జల్లించండి. కటిక ఎండలో పెట్టవద్దు, లోపలి సూక్ష్మజీవులు పోతాయి. నిండు బకెట్ చివరికి మూడో వంతుకు దిగుతుంది. "ఇంతేనా" అనిపిస్తుంది మొదటిసారి.

కొత్త కుండీకి మట్టి రెండు పాళ్ళు, ఎరువు ఒక పాలు. ఉన్న కుండీలకు నెలకు రెండు గుప్పిళ్ళు, మొదలుకు తగలకుండా చుట్టూ వేసి, పైమట్టి గుల్ల చేసి నీళ్ళు పోయండి. ఉత్త ఎరువులో మొక్క నాటవద్దు, నీరు నిలిచి వేరు కుళ్ళుతుంది. టమాటా, మిరప, గుమ్మడి మొలకలు వాటంతటవే వస్తాయి. బకెట్‌లో గింజలు చచ్చేంత వేడి పుట్టకపోవడమే కారణం. వద్దనుకుంటే పీకేయండి. నేను ఒక టమాటాను ఉంచుకుంటాను, దాని కాయలు మాత్రం ప్రతిసారీ పుల్లగానే కాస్తాయి.

జల్లెడమీద మిగిలిన ముతక పుల్లలు, సగం చివికిన పీచు పారేయకండి. వాటికి సూక్ష్మజీవులు దట్టంగా పట్టి ఉంటాయి. తర్వాతి బకెట్ అడుగున పరవడానికి అవే, ఈసారి మజ్జిగ కూడా అక్కర్లేదు.